టవర్ బాబాయి

మా బాబాయి విమానం దిగి పరాయి దేశంలో కాలు పెట్టగానే సెల్ టవర్ అయిపోతాడు. ఎంతమందిమి వెళ్ళినా ఒక్కటే సిమ్ కొంటాడు. దాన్నుంచి హాట్‌స్పాట్ పెట్టి అందరికీ నెట్ పంచుతాడు. దారి వెతుక్కోవాలన్నా, ఇంటికి ఫొటో పంపాలన్నా, దగ్గర్లో బాత్రూమ్ ఎక్కడుందో తెలుసుకోవాలన్నా ఆయనకు ఇరవై అడుగుల లోపల ఉండాలి. ఇరవై ఒకటో అడుగు వేశామా, చేతిలో ఉన్న ఫోన్ పలకతో సమానం.

ఇప్పటికి మూడు దేశాలు ఇలాగే తిరిగాం. మూడింటిలోనూ నేను బాగా చూసింది బాబాయి మఫ్లర్. దాని మీద ఎర్ర గళ్ళెన్నో నల్ల గళ్ళెన్నో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఇప్పుడు చెప్పబోయేది మొదటి ప్రయాణం సంగతి. ఇందులో ఒక రహస్యం ఉంది. మా బావ పేపర్లో ఆటల పేజీ తప్ప ఇంకేమీ చదవడన్న ధైర్యంతో రాస్తున్నాను.

బాబాయి టెలిఫోన్ ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు లైన్‌మన్‌గా పనిచేశాడు. స్తంభాలెక్కి తీగలు సరిచేసిన మనిషి. ఇప్పటికీ ఏ స్తంభం కనబడినా ఆగి, తల పైకెత్తి, పాత అధికారిని పలకరిస్తున్నట్టు కాసేపు చూసి గానీ కదలడు. "తీగ లేకుండా మాట పోతోందంటే నేను నమ్మనురా. ఎక్కడో దాచే ఉంటారు" అంటాడు.

పిన్ని ఇంట్లోనే బట్టలు కుట్టేది. సూదులూ దారాలూ వేసుకునే ఒక రేకు డబ్బా ఉండేది ఆమెకు. దాని మూత మీద బొమ్మ: సముద్రంలోకి పొడుగ్గా రాతి కట్ట, దాని చివర తెల్లటి లైట్‌హౌస్. ముప్ఫయ్యేళ్ళూ ఆమె సూది కావాలన్నప్పుడల్లా ఆ లైట్‌హౌస్ మీద చెయ్యి వేసింది. "ఇది నిజంగా ఎక్కడైనా ఉందంటారా?" అని అప్పుడప్పుడు అడిగేది. రిటైరయ్యాక బాబాయి ఫోన్లో వెతికి వెతికి పట్టుకున్నాడు. ఉంది. చాలా దూరంలో, సముద్రం అవతల, చలిదేశంలో ఉంది.

కానీ పిన్ని రానంది. దానికి కారణం మేమే.

అంతకు ముందు ఏడు ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది. దాన్నుంచి తేరుకున్నాక అందరం కలిసి ఒక కొండ చూడబోయాం. మా బావ, అంటే పిన్ని అల్లుడు, రోజుకు ఇరవై వేల అడుగులు నడిచి చేతి గడియారం చేత శభాష్ అనిపించుకునే రకం. ఆయన వెనక మా చెల్లి, చెల్లి వెనక నేను, అందరికన్నా ముందు బాబాయి. పిన్ని పైకి వస్తుంటే మేం కిందికి దిగుతూ ఎదురయ్యాం. "పైన ఏముందిరా?" అని అడిగింది. "ఏమీ లేదు పిన్నీ, ఒట్టి మంచు" అన్నాను, ఓదారుస్తున్నాననుకుని. ఇంటికొచ్చాక చెప్పింది.

"ఇంకెక్కడికీ నన్ను పిలవకండి. ఎక్కడికెళ్ళినా నాకు కనబడేది మీ వీపులే. అవి చూడటానికి అంత దూరం దేనికి?"

లైట్‌హౌస్ దొరికిన రోజు బాబాయి ఆమె కుట్టుమిషన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఈసారి వీపులు కనబడవు. మాటిస్తున్నా" అన్నాడు.

"కనబడితే?"

"అదే ఆఖరు. ఇక జన్మలో రమ్మని అడగను."

పిన్ని చాలాసేపు మిషన్ తొక్కింది. తర్వాత లేచి దారాలన్నీ గిన్నెలో పోసి, ఖాళీ రేకు డబ్బా పెట్టెలో పెట్టుకుంది. అంటే, ఆమె ఒక్కసారి వెనకబడిందంటే మాతో ఇక గడప దాటదన్నమాట. ఇంత బరువు నెత్తిన పెట్టుకుని బయల్దేరిన మనిషి అక్కడ దిగీ దిగగానే చేసిన మొదటి పని, ఒక్క సిమ్ కొనడం.

సిమ్‌లు అమ్మే అమ్మాయి మమ్మల్ని లెక్కపెట్టి ఐదు వేళ్ళు చూపించింది. బాబాయి ఒక వేలు చూపించాడు. ఆ అమ్మాయి మళ్ళీ ఐదు. బాబాయి మళ్ళీ ఒకటి. మా వెనక వరస పెరుగుతోంది.

"మామయ్యగారూ, నాది నేను కొనుక్కుంటాను" అన్నాడు బావ.

"పాస్‌పోర్టు లేకుండా ఇవ్వరండీ, అల్లుడుగారూ."

"నా పాస్‌పోర్టు ఉంది కదండీ."

"ఉంది. నా బనీను జేబులో ఉంది. నాది తప్ప అందరివీ అక్కడే ఉన్నాయి. ఇంతమందిలో నన్ను చొక్కా విప్పమంటారా?"

బావ విప్పమనలేకపోయాడు. బాబాయి సిమ్ పట్టుకుని ఒక స్తంభం చాటుకి వెళ్ళి, ఏదో తంటాలు పడి తిరిగొచ్చాడు. జేబులు బరువుగా ఉన్నాయంటూ కళ్ళజోడు పెట్టె, మాత్రలు, ఛార్జింగ్ డబ్బా, పాత ఫోను, నా దగ్గర తీసుకున్న పెన్నూ పిన్ని చేతిసంచిలో పడేసి, తన ఫోన్ జెండాలా పైకెత్తి, "పదండి, సిగ్నల్ ఇస్తున్నా" అన్నాడు. పిసినారితనానికి ఇంత పొగరు ఉండటం నేనెక్కడా చూడలేదు.

ఆ ఊరు నిద్రలో చూసిన ఊరిలా ఉంది. పొద్దున్నే మంచు నదిలోంచి లేచి వీధుల్లోకొచ్చి దుకాణాల మెట్ల మీద కూర్చునేది. మనుషులు అందులోంచి గొడుగులతో వచ్చి, మాకు తలూపి, మళ్ళీ అందులోకే వెళ్ళిపోయేవారు. ఎక్కడో గంట మోగేది, ఎటువైపో తెలిసేది కాదు. ఆ మెత్తటి తెల్లదనంలో మేం ఐదుగురం కోడిపిల్లల్లా ముద్దగా నడిచేవాళ్ళం. ఎవరి తెర మీద వాళ్ళ నీలం చుక్క నెమ్మదిగా ఈదుతూ ఉండేది. కొంచెం దూరం జరిగితే చాలు, మ్యాప్‌లో వీధులు, వంతెనలు, నది అన్నీ కరిగిపోయి ఒట్టి బూడిదరంగు మిగిలేది. ఆ బూడిదలో మన చుక్క ఒంటరిగా ఉండేది. నిజం చెప్పొద్దూ, చూడగానే గబగబా బాబాయి పక్కకు జరిగేవాణ్ణి.

రెండో రోజు బావ తిరుగుబాటు చేశాడు. దారి బట్టీపట్టానంటూ గడియారం గోపురం చూడటానికి ఒక్కడే దూసుకుపోయాడు. అరగంట తర్వాత మంచులోంచి దాదాపు గుండుతో ఎవరో మనిషి వచ్చి మా చెల్లి పక్కన నిలబడ్డాడు. చెల్లి బ్యాగు గట్టిగా పట్టుకుని పక్కకు జరిగింది.

"నేనే" అన్నాడు బావ.

దారి అడుగుదామని ఒక షాపులోకి వెళ్ళాడట. అది మంగలి షాపు. అతను ఎంతో మర్యాదగా కుర్చీ చూపించాడట. భాష తెలియక కూర్చున్నాడట.

"బాగుందండీ, తలకు గాలి తగుల్తుంది" అన్నాడు బాబాయి. "ఇరవై అడుగులని చెప్పానా?"

దీనికి తోడు పాస్‌వర్డ్ రోజూ మార్చేవాడు. పొద్దున టిఫిను బల్ల దగ్గర అందరూ కూర్చుంటే గానీ కొత్తది చెప్పడు. అందరూ అంటే పిన్ని కూడా. ఆమె కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చి, కుర్చీలో సర్దుకుని, రెండు గుటకలు టీ తాగేదాకా బావ కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. అప్పుడు బాబాయి గొంతు సవరించుకునేవాడు. మొదటి రోజు పాస్‌వర్డ్ 'తొందరెందుకు'. రెండో రోజు 'నెమ్మదిగా'. మూడో రోజు 'కాసేపుకూర్చో'.

"ఆయనకు వయసు మీద పడిందన్నయ్యా" అంది చెల్లి నా చెవిలో.

పైగా స్తంభాల పిచ్చి. వీధి సగంలో ఉండగా ఫోన్ వంక ఒకసారి చూసుకుని ఠక్కున ఆగిపోయేవాడు. "ఇదిగో, ఈ స్తంభం చూశారా. దీని నడుం చూడండి. వందేళ్ళ నాటిది" అని మొదలుపెట్టి, దాని పుట్టుపూర్వోత్తరాలు ఏకరువు పెట్టేవాడు. ఆయన కదిలితే గానీ మాకు నెట్ కదలదు కనుక చచ్చినట్టు వినేవాళ్ళం. ఆ కథ అయ్యేసరికి పిన్ని మా పక్కన నిలబడి, అదే స్తంభాన్ని, మాతోపాటే, తల పైకెత్తి చూస్తూ ఉండేది. ఆమె రెండు చేతులూ ఎప్పుడూ సంచిలోనే ఉండేవి.

"ఏమిటోరా, ఈ సంచి ఎప్పుడూ వెచ్చగా ఉంటోంది. చేతులు పెట్టుకుంటే హాయిగా ఉంది" అంది ఒకసారి. ఉన్నిసంచి కదా, అలాగే ఉంటుందన్నాను. తెలియనివి తెలిసినట్టు చెప్పడం నాకు బాగా వచ్చు.

ఆఖరి రోజు లైట్‌హౌస్‌కి వెళ్ళాం. రాతి కట్ట మూత మీది బొమ్మలోలాగే సముద్రంలోకి పోయింది, కానీ పది గజాల తర్వాత మంచులో మాయమైంది. అవతలి కొసన ఉన్న కాపలాదారు ఐదింటికి తలుపు మూసేస్తాడని బోర్డు ఉంది. నాలుగున్నర దాటింది. పిన్ని కట్టనీ గడియారాన్నీ చూసి, "మీరు వెళ్ళి చూసొచ్చి చెప్పండి. నేనిక్కడ బెంచీ మీద కూర్చుంటా" అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టమనిపించింది.

"కూర్చోవద్దు, నడు" అన్నాడు బాబాయి. "అల్లుడుగారూ, అమ్మాయీ, మీరిద్దరూ అమ్మ పక్కనే రండి. ఒరేయ్, నువ్వు నాతో రా. అతన్ని కాసేపు ఆగమందాం."

ఇద్దరం గబగబా నడిచాం. నాలుగు నిమిషాల్లో ముందూ లేదు, వెనకా లేదు. రెండు పక్కలా నీళ్ళు నిద్రపోతున్న మనిషిలా ఊపిరి తీస్తున్నాయి. కాపలాదారుతో వాళ్ళ భాషలో ఎలా మాట్లాడాలో చూద్దామని ఫోన్ తీశాను. మ్యాప్ బూడిదైపోయి ఉంది.

"బాబాయ్, నెట్ పోయింది."

"పోయుంటుంది. మంచు కదా."

"నీ పక్కనే ఉన్నాగా. నీ మోచెయ్యి నాకు గుచ్చుకుంటోంది."

బాబాయి తన ఫోన్ తీశాడు. అందులోనూ బూడిదే.

"టవర్‌కే సిగ్నల్ లేకపోవడం ఏంటి బాబాయ్?"

ఆయన కట్ట రాళ్ళు లెక్కపెడుతున్నవాడిలా కిందికి చూశాడు. "మీ పిన్ని సంచిలో ఉందిరా" అన్నాడు.

"ఏముంది?"

"టవర్."

దిగిన రోజు ఆయన సిమ్ పట్టుకుని స్తంభం చాటుకి వెళ్ళడం, సంచిలో సామాన్లు పడేయడం గుర్తొచ్చాయి. ఆ పాత ఫోన్. ఆ వెచ్చదనం.

"అసలు నా జేబులోనే పెట్టుకుందామనుకున్నా" అన్నాడు బాబాయి. "కానీ ఆ రోజు కొండ మీద అందరికన్నా ముందు నడిచింది ఎవర్రా? నేనే. ముప్ఫయ్యేళ్ళు స్తంభం నుంచి స్తంభానికి ఉరికిన కాళ్ళివి, చెప్తే వినవు. మిమ్మల్ని నేను కట్టేస్తా, బానే ఉంది. నన్నెవరు కట్టేస్తారు? అందుకే అక్కడ పెట్టా. మీ పిన్నికి దూరమైతే నాకూ దారి తెలీదు."

"మరి ఆ స్తంభాలు?"

"సిగ్నల్ సన్నబడగానే ఆగేవాణ్ణి. వాటి గురించి చెప్పిందాంట్లో సగం అబద్ధం."

"పిన్నికి తెలుసా?"

"తెలిస్తే ఉంచుకుంటుందా? నాకోసం ఎవరూ ఆగక్కర్లేదు అని విసిరికొడుతుంది. మీరు నెట్ కోసం పక్కన నడుస్తున్నారనుకోవాలి. అప్పుడే దానికి నామోషీ ఉండదు."

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. నాలుగు రోజులుగా ఈయన్ని పిసినారని తిట్టుకున్నాను. తర్వాత ఒక సంగతి తట్టింది.

"బాబాయ్, ఇప్పుడు మనం పిన్నికి ముందున్నాం. చూస్తే మన వీపులే కనబడతాయి."

బాబాయి ఉలిక్కిపడ్డాడు. వెంటనే వెనక్కి తిరిగి, వచ్చిన దారి వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. తలుపు మూసేస్తే మూసేయనీ అనుకున్నాం. ఇద్దరం ఫోన్లు చేతిలో పట్టుకుని ఆ తెల్లదనంలోకి చూస్తున్నాం. చాలాసేపటికి తెర మీద సిగ్నల్ ఒక గీత వెలిగింది. తర్వాత రెండు. బూడిదలోంచి మెల్లగా సముద్రం నీలంగా వచ్చింది, అందులో కట్ట వచ్చింది, కట్ట చివర లైట్‌హౌస్ వచ్చింది. మూడో గీత వెలిగేసరికి మంచులోంచి పిన్ని వచ్చింది. చేతులు సంచిలో ఉన్నాయి. ఒక పక్క చెల్లి, రెండో పక్క బావ, ఆమె అడుగులో అడుగు వేస్తూ.

"విచిత్రం మామయ్యగారూ" అన్నాడు బావ. "మీరింత దూరంలో ఉన్నా నెట్ ఆగలేదు."

"తడిగాలి కదండీ. తీగలా పనిచేస్తుంది" అన్నాడు బాబాయి, కళ్ళార్పకుండా.

అక్కడి నుంచి కట్ట సన్నబడి, ఒక్కొక్కరే నడవాల్సినంత ఇరుకైంది. బాబాయి పక్కకు తప్పుకుని పిన్నికి దారి ఇచ్చాడు. ఆమె వెనక ఆయన, ఆయన వెనక మేం. కాపలాదారు తలుపు దగ్గర తాళాల గుత్తితో నిలబడి ఉన్నాడు. పిన్ని ఆగి, సంచిలోంచి రేకు డబ్బా తీసి, మూతను లైట్‌హౌస్ పక్కకు ఎత్తి పట్టుకుంది. మూతను చూసింది, దాన్ని చూసింది, మళ్ళీ మూతను చూసింది. కాపలాదారు కూడా వచ్చి చూశాడు. ఏమీ అనకుండా తాళాలు జేబులో వేసుకుని తలుపు బార్లా తీశాడు.

ఆ సాయంత్రం మేం నలుగురం చూసింది పిన్ని వీపు. అంత బాగున్న దృశ్యం ఆ దేశంలో నేనింకొకటి చూడలేదు.

తిరుగు ప్రయాణంలో, విమానాశ్రయం బెంచీ మీద, బాబాయి పాత ఫోన్ కోసం పిన్ని సంచిలో చెయ్యి పెట్టబోయాడు. పిన్ని సంచి మూతి మూసేసింది.

"ఉండనివ్వండి, వెచ్చగా ఉంది" అంది. సంచి ఒళ్ళోకి లాక్కుని, "వచ్చే ఏడు ఎక్కడికండీ?" అంది.

బాబాయి పాస్‌వర్డ్ చెప్పబోతున్నవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"ఎక్కడికైనా సరే, చలిదేశమే చూడండి" అంది పిన్ని. "వేడిదేశంలో ఇంత వేడి సంచి నాలుగు రోజులు మొయ్యాలంటే కష్టం. ఇప్పుడంటే ఏమీ తెలియనట్టు ఊరుకున్నాను."

బాబాయి నా వైపు చూశాడు. నేను పైకప్పులో ఏదైనా తీగ కనబడుతుందేమోనని శ్రద్ధగా వెతకసాగాను.