ఎక్కేవాళ్ళకే గుర్తులు

వోయ్‌కో గారు కొండకు బయల్దేరితే పెళ్ళికి బయల్దేరినట్టే. ఇస్త్రీ చొక్కా, దాని మీద కొండదారుల సంఘం బిళ్ళ, చేతిలో రెండు రంగుడబ్బాలు. రాతి మీద ఎర్రటి సున్నా, నడుమ తెల్లచుక్క పెట్టి, రెండడుగులు కిందికి దిగి, ఒంటికన్ను మూసి తన పనితనం చూసి మురిసిపోతాడు. నడిచేవాళ్ళకు దారి చెప్పే గుర్తు అది. ఇరవై ఏళ్ళుగా ఆయన చేస్తున్న ఉచితసేవ. ఉచితమని రోజుకు నాలుగుసార్లు ఆయనే చెబుతాడు. అడ్డంగా పడ్డ చెట్టు కొయ్యడం, వానకు కొట్టుకుపోయిన మెట్టు కట్టడం మాత్రం ఆయన స్థాయి పనులు కావు. ఎన్ని దారులున్నా ఆయన ఎంచుకునేది మిల్కా నడిపే కొండసత్రం దారే. అక్కడ వేడివేడి జున్ను కుడుములుంటాయి, తిన్నాక కిందికి దించే జీపుంటుంది.

మొన్న జీపు చెడింది. పొగమంచులో ఆయన తొలిసారి ఆ దారిన నడిచి దిగాడు. ఒక్క గుర్తూ కనబడలేదు. అన్నీ ఎక్కేవాళ్ళకు కనబడేలా రాళ్ళకు పల్లంవైపునే ఉన్నాయి మరి! మూడడుగులకోసారి వెనక్కి తిరిగి చూసుకుంటూ, దారి తప్పి, ఒళ్ళంతా బురదతో మళ్ళీ సత్రం దగ్గరే తేలాడు.

"ఏమయ్యా వోయ్‌కో, దిగేవాళ్ళు మనుషులు కారా?" అంటూ మిల్కా ఫిర్యాదుల పుస్తకం ముందు పడేసింది. గుర్తుల్లేక దారి తప్పామని పదిమంది రాశారు. ఒకామె కాలు విరిగింది. ప్రతి ఫిర్యాదు కిందా సంఘం తరఫున వోయ్‌కో గారి ముత్యాల్లాంటి అక్షరాలు: "విచారించాం. గుర్తులు సవ్యంగానే ఉన్నాయి."

"ఇదిగో కలం. నువ్వూ రాయి" అంది మిల్కా.

ఆయన పుస్తకం మెల్లగా మూశాడు.

"జీపెప్పుడు బాగవుతుంది?" అన్నాడు.