హెలికాప్టర్ దిగి మంచులో జారే తమ్ముడు

పోయిన డిసెంబరులో నన్ను వడ్ల కాంటా మీద తూచారు. బాన్సువాడలో మనుషులను తూచే యంత్రాలు లేక కాదు. దవాఖానలో ఒకటి ఉంది, మందుల దుకాణం ముందు ఇంకొకటి ఉంది. దవాఖానలో ఎక్కితే డాక్టరు చూస్తాడు, మందుల దుకాణం ముందు ఎక్కితే బజారంతా చూస్తుంది. వడ్ల కొనుగోలు కేంద్రంలో అయితే నేను సంచుల మధ్య ఇంకో సంచిని. నేను ఎక్కగానే కాంటా మూలిగింది. రోడ్డవతల పడుకున్న రెండు బర్రెలు లేచి నిలబడ్డాయి.

"నూట నాలుగు," అన్నాడు కాంటా పెట్టే మనిషి. ఇరవై ఏళ్లుగా ఎరిగినవాడు. అంతలోనే అలవాటు కొద్దీ పెన్ను తీసి తరుగు కొట్టేశాడు. వడ్లలో తేమ ఉందని, తాలు ఉందని, సంచి బరువు వేరని బస్తాకు ఇంత అని కోసేస్తారే, ఆ తరుగు.

"గిదేందిరా, నేను వడ్లనా?"

"తడి సరుకే గదన్నా. తాలు గూడ బాగనే ఉంటది. అన్ని తీస్తె ఎనభై ఎనిమిది. రాస్కో."

ఈ తరుగు మీద రైతులు ధర్నాలు చేస్తారు. నేను మాత్రం వాడికి చాయ్ తాగించి, ఫారంలో ఎనభై ఎనిమిది అని రాసి పంపించేశాను.

ఆ ఫారం హెలికాప్టర్ వాళ్లది. నా తమ్ముడు ఫౌజులో ఉన్నప్పుడు మంచు కొండల మీద స్కీలు కట్టుకుని జారడం నేర్చుకున్నాడు. పదవీ విరమణ చేసి వచ్చాక తొమ్మిది నెలలు బీర్కూర్ దగ్గర మా పొలం చూసుకుంటాడు, చలికాలం మూడు నెలలు మనాలి అవతలి కొండలకు పోతాడు. అక్కడ ఒక కంపెనీ బాగా ఉన్నవాళ్లను హెలికాప్టర్లో తీసుకుపోయి, మనిషి అడుగు పడని శిఖరాల మీద వదిలేస్తుంది. వాళ్లు అక్కడినుంచి కిందికి జారుకుంటూ వస్తారు. రోడ్డు ఉండదు, గుర్తు ఉండదు, కంచె ఉండదు. ముందు ఒక గైడు పోతాడు. అందరికంటే వెనక మా తమ్ముడు. వాళ్ల భాషలో తోక మనిషి. ఎవరైనా పడితే లేపడం, మంచులో కూరుకుపోతే తవ్వి తీయడం అతని పని. ఇప్పుడు వాడికి నలభై ఆరేళ్లు.

నన్ను పొమ్మన్నది మరదలు. మా ఇంటి పక్క వాటాలోనే ఉంటారు వాళ్లు. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"బావా, మీరు ఒక్కసారి పోయి సూశి రాండ్రి. నేనడిగితే ఏం గాదంటడు. ఫోన్ల మంచియే సూపిస్తడు. పని మంచిదే అని మీరంటే నేను ఇగ నోరెత్తను. కాదంటే ఈ ఏడుతోని బందు."

గడపలో కూర్చున్న మా ఆవిడ నవ్వింది. "ఇంకెవలు దొర్కలేదా చెల్లె? ఈయన నిజాంసాగర్ గేట్లు సూశొచ్చి సముద్రం సూశ్నంటడు."

"అననియ్యి అక్కా. బావ చెప్పినదాంట్ల పదో వంతు తీసుకుంటె సరిపోతది. పెండ్లయిన కాడికెల్లి గట్లనే ఇంటున్న."

ఒక మనిషి బతుకుతెరువు నా నోటి మీద పెట్టడం నాకు అప్పుడే భారంగా తోచింది. అది నూట నాలుగు కిలోలలో కలవని బరువు.

ఫిబ్రవరిలో బయలుదేరాను. మా రైలు ఎంత నెమ్మదిగా పోయిందంటే ఒక స్టేషన్లో నాటుతున్న మొక్క మేం కదిలేలోపు కాయ కాసింది. ఆ తరవాత బస్సు, ఆ తరవాత జీపు. మోకాళ్లు రెండూ నాకు చెప్పకుండానే దారిలో ఎక్కడో దిగిపోయాయి. చేతిలో మరదలు కట్టిచ్చిన సంచి: సకినాలు, నువ్వుల లడ్డూలు, మామిడి తొక్కు. ఎండాకాలం దాకా ఒక పటాలానికి సరిపోతాయి.

చేరిన తరవాత నాలుగు రోజులు హెలికాప్టర్ ఎగరలేదు. మబ్బు, గాలి, మళ్లీ మబ్బు. అక్కడి చలి గురించి చెప్పాలంటే, నేను పొద్దున అన్న మాట గాలిలోనే గడ్డకట్టి సాయంత్రం పొయ్యి దగ్గర కరిగి వినబడేది. ఆరుగురు అతిథులు కూర్చుని విసుక్కుంటుంటే తమ్ముడు మాత్రం రోజూ పొద్దున పార తీసుకుని బయటికి పోయి, మంచులో నిలువు గుంత తీసి దాని గోడను వేళ్లతో తడిమేవాడు. ఒకరోజు నేనూ వెంటపోయాను.

"ఏం వెతుకుతున్నవురా, గుప్తనిధులా?"

"పొరలన్నా. పాత మంచు గట్టిపడి నున్నగైంది. దానిమీద మొన్న కొత్తది పడ్డది. రెండింటికి అతుకు పడకపోతే, టార్పాలిన్ పరదా మీద వడ్లకుప్ప జారినట్టు కొండంత ఒక్కసారే జారుతది."

"మరి తెలిసి పోవుడెందుకు?"

 మంచు చేతిలోకి తీసుకుని ఊదాడు. "దిగేటప్పుడు కాళ్ల కింద ఏం ఉన్నట్టుండదన్నా. మోకాళ్లు నొయ్యవు. వయసు యాదికుండదు. కిందికొచ్చినంక మళ్ల అన్ని నొస్తయి."

నాకు అసూయ కలిగింది. మోకాళ్లు నొప్పి లేకుండా నేను ఎప్పుడు నడిచానో నాకే గుర్తు లేదు.

అయిదో రోజు ఆకాశం తేటపడింది. అనుకున్నది ఏమిటంటే, అందరితోపాటు నన్నూ శిఖరం దాకా తీసుకుపోయి, వాళ్లు దిగాక అదే హెలికాప్టర్లో తిరిగి తీసుకురావడం. ఎక్కే ముందు అందరినీ తూచారు. ముల్లు నూట పదహారు చూపించింది. పైలట్ చేతిలో కాగితం చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కాగితం చూశాడు.

"ఇక్కడ ఎనభై ఎనిమిది అని ఉంది," అన్నాడు హిందీలో.

జాకెట్టు, బూట్లు, జేబుల్లో లడ్డూలు అన్నీ లెక్క చెప్పాను. ఇంకా మిగిలింది. చివరికి తరుగు గురించి చెప్పాల్సి వచ్చింది. తేమ, తాలు, సంచి, మిల్లు, కొనుగోలు కేంద్రం అన్నీ నాకొచ్చిన ఉర్దూలో వివరించాను. పైలట్ మర్యాదగా విన్నాడు. తమ్ముడు చేత్తో ముఖం కప్పుకున్నాడు.

"అన్నా, గీడ గూడ తరుగేందే," అన్నాడు వేళ్ల సందులోంచి.

పైలట్ చెప్పింది సూటి మాట. పైన గాలి పలచన, ఆ ఎత్తున ఇంజను ఇంత బరువు మోయదు. అందుకని నన్ను శిఖరం మీదికి కాకుండా, అందరూ జారి చేరుకునే కింది చదును దగ్గర ముందే దించేస్తానన్నాడు. అట్లా మా కాంటా మనిషి చేసిన తప్పు వల్ల నాకు శిఖరం తప్పింది, దాని బదులు కొండ మొత్తం ఎదురుగా కనబడే చోటు దొరికింది.

ఎగిరింది అయిదు నిమిషాలే.  కొండలు కిటికీకి ఎంత దగ్గరగా వచ్చాయంటే చెయ్యి చాపి మంచు గీక్కుని నోట్లో వేసుకోవచ్చు. భయంతో మొక్కుకున్న మొక్కులు తీర్చాలంటే నాకు ఇంకో రెండు జన్మలు కావాలి. అయినా దిగి నిలబడ్డాక నవ్వొచ్చింది. ఊరికే, కారణం లేకుండా, చిన్నప్పుడు కాలువలో దూకి తేలినప్పుడు వచ్చినట్టు.

అక్కడ నాకు తోడుగా ఆ కొండల మనిషి ఒకడు, నాకంటే పెద్దవాడు, రేడియో పట్టుకుని కూర్చున్నాడు. తన దుర్భిణి నాకిచ్చాడు. శిఖరం మీద చీమల్లాంటి చుక్కలు దిగాయి. ఒక్కొక్కరే బయలుదేరారు. ఒకడు పోతుంటే మిగతావాళ్లు ఆగి చూస్తారు, అది వాళ్ల పద్ధతి. తెల్లటి పొడి లేచి వాళ్ల వెనక పొగలా సాగింది. అరుపులు ఆలస్యంగా, సన్నగా వినిపించాయి. చివర మా తమ్ముడు. పొలంలో నడుం పట్టుకుని వంగే మనిషి, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునే మనిషి, ఆ కొండ మీద నీటి మీద ఆకులా వచ్చాడు. ఇటు వంగి, అటు వంగి, ఎక్కడా ఆగకుండా. మరదలికి చెప్పాల్సిన మాట నాకు అప్పుడే దొరికింది. పని మంచిదే అమ్మా. పోనియ్యి.

రెండోసారి పైకి పోయారు. అయిదుగురు దిగారు, ఆరో మనిషి దిగాడు. ఏమీ కాలేదు. తరవాత తమ్ముడు కదిలాడు. సగం దాకా వచ్చాడు. వాడి పైన మంచు మీద ఒక గీత పడింది. పెన్సిలుతో గీసినట్టు ఉంది. గీత కింద ఉన్నదంతా కదిలింది. నా పక్క మనిషి లేచి నిలబడ్డాడు. తమ్ముడు పక్కకు తిరిగాడు, కొంచెం దూరం పోయాడు, పడ్డాడు. తరవాత మంచు పొడి తప్ప ఏమీ కనబడలేదు. చప్పుడు ఆ తరవాత వచ్చింది.

పొడి తగ్గాక చూస్తే ఛాతీ దాకా మంచులో ఉన్నాడు. ఒక చెయ్యి బయట ఉంది. తల బయట ఉంది. ముందు పోయిన గైడూ ఇద్దరు అతిథులూ పైకి ఎక్కి పారలతో తవ్వారు. నేను దుర్భిణి దించలేదు. దించితే ఏమవుతుందోనని భయం వేసింది.

వాళ్లు వాడిని నా దగ్గరికి తీసుకొచ్చేసరికి ఒక స్కీ లేదు. ముఖం బూడిద రంగులో ఉంది. మరదలు కట్టిచ్చిన సంచి నా ఒళ్లో చూసి, "సకినాలున్నయానే?" అన్నాడు. ఇచ్చాను. నోటి దాకా పోయేలోపు సగం చేతిలోనే పొడి అయింది. మిగతా సగం నమిలి, నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఇంట్ల చెప్పుడు తప్పదు నీకు. చెప్పు. కని చిన్నగ చెప్పు అన్నా. నీ లెక్కన గాదు."

"సరే," అన్నాను.

తిరుగు ప్రయాణం మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో రైల్లో ఎవరికీ ఒక్క కథ చెప్పలేదు. ఎదురు సీటు ఆయన ఎక్కడినుంచి వస్తున్నారని అడిగితే ఊరినుంచి అన్నాను. అంత అలసట నాకు ఎప్పుడూ రాలేదు. కూర్చున్నా తగ్గలేదు, పడుకున్నా తగ్గలేదు.

బాన్సువాడ బస్టాండులో దిగి ఇంటికి నడిచి వచ్చేసరికి మరదలు వాకిట్లో బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. నీళ్లిచ్చింది. నేను తాగేదాకా ఆగింది.

"చెప్పుండ్రి బావా."

"మంచిగనే ఉన్నడమ్మా. పని గూడ మంచిదే. ఒకసారి జరంత మంచు జారింది. నాలుగడుగులు గుంజుకపోయింది. లేశి దులుపుకున్నడు."

కత్తెర ఆగింది. "నాలుగే అడుగులా?"

"నాలుగు, అయిదు. గంతే."

"బావా, మొన్న మనింట్ల పిల్లి కనవడితె పులి అని గల్లీ మొత్తం చెప్పిన్రు. రెండు చుక్కలు వాన పడితె ఊరు కొట్టుకపోయిందన్నరు. గా కొండల మీద జారింది నాలుగడుగులేనా?"

నేను ఖాళీ గ్లాసు కింద పెట్టాను.

"ఎంత దాకా మునిగిండు?"

మోకాలి దగ్గర చెయ్యి పెట్టాను. ఆమె నా చేతినే చూస్తోంది. కాసేపటికి ఆ చెయ్యి దానంతటదే ఛాతీ దగ్గరికి వచ్చింది. దాన్ని కిందికి దించేంత ఓపిక నాలో లేదు.

ఆమె ఏడవలేదు. ఒళ్లో ఆకులు చాటలోకి దులిపి, ఫోన్ తీసి కలిపింది. తమ్ముడి గొంతు బయటికే వినిపించింది.

"అన్న చేరిండా?"

"చేరిండు. చెప్పిండు."

"పెంచి చెప్పిండా?"

"పెంచలేదు. గందుకే నా చేతులు ఆడ్తలెవ్వు." చాట పక్కకు జరిపింది. "వాళ్లకు మాటిచ్చినవు, ఈ సీజన్ చేసి రా. వచ్చే ఏడు పోవుడు లేదు."

 "సరే," అన్నాడు తమ్ముడు.

మార్చి చివర వచ్చాడు. యాసంగి వరికి కాలువ నీళ్లు వస్తున్నాయి, పనిలో పడ్డాడు. నాతో అవసరమైనంతే మాట్లాడాడు. యూరియా వచ్చిందా, కరెంటు ఎప్పుడు, అంతవరకే. నేనూ ఎక్కువ కదిపింది లేదు.

మొన్న దసరా ముందు కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. ఇద్దరం బీర్కూర్ పొలం గట్టు మీద ఉన్నాం. రావడం లేదని హిందీలో చెప్పాడు. మోకాలు బాగా లేదన్నాడు. అక్కడితో పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. ఈసారి తోకకు ఎవరిని పెట్టారని అడిగాడు. ఆ మనిషిని లైన్లోకి రమ్మన్నాడు. తరవాత అరగంట సేపు గట్టు మీద ఇటూ అటూ నడుస్తూ ఏ వాలు ఏ నెలలో దిగకూడదో, గుంత ఎంత లోతు తీయాలో, ఎక్కడ ఎవరి కోసం ఆగాలో ఒక్కొక్కటే చెప్పాడు. చెప్తూ చెప్తూ నడుం ఇటు వంగింది, అటు వంగింది.

ఫోన్ జేబులో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

"చిన్నగ చెప్పుమన్నది నేనే, కని ఆరోజు నువ్వు ఎప్పటిలెక్కనే చెప్పి ఉంటె అయిపోతుండె గదన్నా," అన్నాడు. "సగం కొండ నా మీద పడ్డదని చెప్పేదుండె. నీ మరదలు నవ్వి ఊకుంటుండె."

"తెలుసురా. చాత గాలేదు."

 మడి నిండుతోంది. వాడు లేచి, మోకాలు పట్టుకుని ఒక్క క్షణం ఆగి, పార భుజాన వేసుకుని కింది మడికి నీళ్లు మళ్లించడానికి పోయాడు. నేను వెంట పోదామనుకున్నాను. లేవడానికి కొంతసేపు పట్టింది.