నొప్పి లేని పూట ప్రమాణం

మా అన్న ఒక మాట అంటూ ఉండేవాడు. "మీ ఇంటిదానికి నొప్పి క్యాలెండర్ సూసుకోని వస్తాదిరా." పెళ్లి ఉన్న రోజు రాదు, పేడ ఎత్తాల్సిన రోజు వస్తుంది అని దాని అర్థం. మా అమ్మ ఆ మాటకు నవ్వేది. మొదట్లో నా భార్య కూడా నవ్వేది. నేను ఎప్పుడూ నవ్వలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది, కాబట్టి నిదానంగా ఆలోచించి రాశానని ఎవరూ అనుకోవద్దు.

చిత్తూరు నుంచి కాణిపాకం వెళ్లే దారిలో మా ఊరు. నాకు చిత్తూరులో బోరు మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు ఉంది. పదో తరగతి దాటలేదు. కొట్టుకు దగ్గరలోనే గ్రంథాలయం ఉండడంతో కరెంటు పోయిన పూటల్లో అక్కడికి వెళ్లి కూర్చోవడం అలవాటైంది. చరిత్ర, చట్టం, వైద్యం, ఏది దొరికితే అది చదివాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలూ చదివాను. కాలేజీలో చదివినవాళ్లతో సమానంగా మాట్లాడగలనని ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. ఇంట్లో మాత్రం ఆ చదువు చెల్లలేదు.

పెళ్లయిన కొంతకాలానికి నా భార్యకు నొప్పి మొదలైంది. నడుములో పుట్టి భుజాలకు, మణికట్లకు పాకింది. కొన్ని రోజులు నీళ్ల చెంబు కూడా ఎత్తలేకపోతుంది. కొన్ని రోజులు రెండు ఆవుల పాలూ తనే పిండి, పాడుకుంటూ కసువు ఊడుస్తుంది. రక్త పరీక్షలో ఏమీ లేదు, ఎక్స్‌రేలో ఏమీ లేదు. చివరికి తిరుపతిలో ఒక డాక్టరమ్మ ఫైబ్రోమయాల్జియా అని దాని పేరు చెప్పింది. ఆ పేరు అరచేతిలో రాసుకుని వచ్చి గ్రంథాలయంలో వెతికాను. కండరానికి దెబ్బేమీ తగలకపోయినా నరాలు నొప్పి కబురు మోస్తూనే ఉంటాయట. ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ ఉండడమే దాని తీరట. ఇంటికి వచ్చి అమ్మనూ అన్ననూ కూర్చోబెట్టి చెప్పాను.

"ఆ పుస్తకం రాసినోడు మీ ఇంటిదాన్ని సూసినాడా?" అన్నాడు అన్న.

"సూడలేదు."

"మేం దినామూ సూస్తా ఉండాము గదా. మమ్మల్నడుగు."

నా కొట్టుకు ఒక్కోసారి రైతు మోటారు తెస్తాడు. బోరులో దించితే కాసేపు తిరిగి ఆగిపోతోందంటాడు. నా బల్ల మీద కరెంటు ఇస్తే అది గిర్రున తిరుగుతుంది. అంతమాత్రాన ఆ రైతు అబద్ధం చెబుతున్నాడని నేను అనను. అంటే మళ్లీ నా కొట్టు మెట్టెక్కడు. మోటారుకు ఇచ్చే ఆ పాటి మర్యాద మా ఇంట్లో మనిషికి దొరకలేదు.

అట్లా ఉండగా పాప పుట్టింది. రెండు పాదాలూ లోపలికి మెలితిరిగి, అరికాళ్లు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. కడుపుతో ఉన్నన్నాళ్లూ నా భార్య ఒక్క నొప్పి మాత్ర మింగలేదు. డాక్టరమ్మ వేసుకోవచ్చని చెప్పినవి కూడా పక్కన పెట్టేసి, గోడ పట్టుకుని నడిచింది. పుట్టుకతో వచ్చే వంకర పాదాలు ఎవరి తప్పూ కాదని డాక్టర్లు చెప్పారు, నేనూ చదివాను. అయినా చూడడానికి వచ్చినవాళ్లంతా ముందు పాప పాదాలు చూసి, తర్వాత తల్లి ముఖం చూశారు. మా అమ్మ మనసులో మాట దాచుకోలేదు.

"లేని నొప్పి ఉండాదని చెప్పి చెప్పి, ఆఖరికి బిడ్డకు తగిలింది."

పాప పాదాలు కంటికి కనిపిస్తున్నాయి కాబట్టి ఊరంతా అయ్యో అంది. అదే మంచం మీద, ఆ పాప పక్కనే పడుకున్న మనిషి నొప్పికి మాత్రం రుజువు కావాలి.

వైద్యం తిరుపతి ఆసుపత్రిలో. పాదాన్ని కొద్దికొద్దిగా సరైన వైపుకు తిప్పి, వేళ్ల నుంచి తొడ దాకా పిండికట్టు వేస్తారు. వారానికొకసారి విప్పి, ఇంకాస్త తిప్పి, మళ్లీ వేస్తారు. మధ్యలో మానేస్తే తిరిగిన పాదం మళ్లీ వెనక్కి పోతుందని డాక్టరు ముందే హెచ్చరించాడు. రెండు కాళ్లకూ పిండికట్టు ఉన్న పసిబిడ్డ బరువు మోసినవాళ్లకే తెలుస్తుంది. బస్సులో ఒళ్లో పెట్టుకుంటే ఆ కాళ్లు మడవవు, పక్కసీటు మనిషికి తగులుతుంటాయి. ఒంట్లో బాగున్న వారం నా భార్య మోసింది. బాగలేని వారం నేను కొట్టు మూసి వెళ్లాను. ఇంతలో వేసవి వచ్చింది. మోటార్లు కాలిపోయే కాలం. చేలు ఎండిపోతున్నాయని రైతులు కొట్టు ముందే కూర్చుంటారు. పాపను తీసుకెళ్లడానికి ఇంకొక మనిషి కావాలి. మా అమ్మ తప్ప ఎవరూ లేరు.

అడిగాను. పాల క్యాను కడుగుతున్న అమ్మ తల ఎత్తలేదు.

"బిడ్డకు తల్లి లేదా?"

"లేవలేకపోతా ఉండాది మా."

"నిన్న సీమంతానికి పోయి గాజులేసుకోనొచ్చింది. ఆ చేతులేనా ఇవి?"

"నిన్న బాగుండింది. ఈ పొద్దు బాగలేదు."

అమ్మ క్యాను బోర్లించి లేచింది. "సరే. కాణిపాకానికి పిల్చుకోని రా. కోనేట్లో మునిగి, తడిగుడ్డల్తో స్వామి ముందర నిలబడి, నాకు నొప్పి ఉండాది అని చెప్పమను. చెప్తే కాళ్లు చక్కబడిందాకా బిడ్డను నేనే మోస్తా. మళ్లా ఒక్క మాటంటే నన్నడుగు."

మా వైపు కాణిపాకం ప్రమాణమంటే ఆషామాషీ కాదు. పొలం గట్టు తగాదాలు, ఇంట్లో పోయిన నగల గొడవలు అక్కడ తేలతాయి. అబద్ధం చెబితే స్వామి ఊరుకోడని భయపడి సగం దారిలోనే నిజం ఒప్పుకున్నవాళ్లను నేను ఎరుగుదును. ఆ నమ్మకాన్ని నేను వెక్కిరించడం లేదు. కాని గట్టు జరిపినవాడూ గొలుసు తీసినవాడూ నిలబడే చోట మంచం పట్టిన మనిషిని నిలబెట్టమన్నారు. ఆ పూట నేను అన్నం కంచం తోసేసి, అమ్మ మీద అరవబోయాను. నా భార్యే ఆపింది.

"ఊరుకో మామా. చేస్తా. నిజమే గదా, నాకేం భయం?"

అమ్మ చెప్పిన రోజున పొద్దున్నే నలుగురం ఆటోలో వెళ్లాం. పాప మా అన్న ఒళ్లో ఉంది. వాడికి పాప అంటే ప్రాణం, అది అబద్ధం కాదు. పిండికట్టు మీద వేళ్లతో దరువు వేస్తూ దాన్ని నవ్విస్తూనే, నా భార్యను అడిగాడు. "ఏం మ్మే, ఈ పొద్దు నొప్పికి సెలవా? బలే కులాసాగా ఉండావే."

ఆమె పాప తల మీద కొంగు కప్పింది.

మునిగి వచ్చింది. చీర అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. మేము నలుగురం స్వామి ఎదుట నిలబడ్డాం.

"చెప్పుమ్మే," అంది అమ్మ.

నా భార్య చేతులు జోడించింది. ఒక భుజం కదిపి చూసుకుంది. రెండోది కదిపింది. నడుము మీద చెయ్యి పెట్టి కాసేపు అట్లే ఉండిపోయింది, ఎక్కడో పెట్టి మరిచిన వస్తువు కోసం తడుముకుంటున్నట్టు.

"అత్తా, ఇప్పుడు నొప్పి లేదు."

"ఏంది?"

"పొద్దున లేసినప్పట్నించి లేదు. ఉండాదని ఈడ చెప్పలేను."

నేను ఆమె చెవి దగ్గరికి వంగాను. "మొన్న ఉన్నింది గదా. అది చెప్పు."

"అత్త అడిగింది అది కాదు మామా. నొప్పి ఉండాది అని చెప్పమనింది. బిడ్డ కాళ్లకు కట్లుండాయి. ఈడ నా నోట్లో ఒక్క మాట తేడా వస్తే బిడ్డకేమవుతాదో."

అమ్మ అన్న వైపు తిరిగింది. "విన్న్యావా?"

"స్వామి ముందర అబద్ధం రాదు మా," అన్నాడు అన్న, దండం పెట్టుకుంటూ.

నాకు అప్పుడు గొంతు లేచింది. గుడి అని కూడా చూడలేదు. "అబద్ధాలకోరయితే ఉండాదని చెప్పేసి, కొంగు పిండుకోని వచ్చేసేది గదా! చెప్పలేకపోయిందంటే ఏందో అర్థం కాలేదా మీకు?"

"ఇది గూడా పుస్తకంలో ఉండాదా?" అన్నాడు అన్న.

వెనక నిలబడినవాళ్లు జరగమన్నారు. జరిగాం. తిరుగు ఆటోలో నా భార్య తడి చీరతోనే కూర్చుంది. ఎవరూ ఒక తుండు కూడా ఇవ్వలేదు. నా చొక్కా విప్పి ఆమె భుజాల మీద కప్పాను. అమ్మ రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

మర్నాడు కాక ఆ మర్నాడు కట్టు మార్చే రోజు. తెల్లవారేసరికి నా భార్య పక్కకు కూడా తిరగలేకపోయింది. నేను నేరుగా అమ్మ దగ్గరికి వెళ్లాను.

"రా మా. ఇప్పుడు నొప్పి ఉండాది. ఇప్పుడు పోదాం కాణిపాకానికి. నువ్వడిగినట్టే చెప్తాది."

అమ్మ నా వెనకే వచ్చింది. నేను మంచం దగ్గర వంగి, నా భార్య వీపు కింద చెయ్యి పెట్టి ఎత్తబోయాను. నేను బెదిరించడానికి చేయలేదు, నిజంగానే తీసుకుపోయేవాణ్ణి. ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. "పిచ్చి పట్టిందారా నీకు? లేసి కూసోలేని మనిషిని యాడికి తీసకపోతావు?"

ఆ మాట అన్నాక అమ్మకు కూడా అది వినిపించింది. నా చెయ్యి వదిలేసింది. పాప కాళ్ల మీద దుప్పటి సర్ది, పాలు పోయడానికి వెళ్లిపోయింది.

అప్పుడు నా కోపం తగ్గాలి. తగ్గలేదు, ఇంకా పెరిగింది. తెలియకపోతే తెలియజెప్పవచ్చు, అందుకే అన్ని పుస్తకాలు తిరగేశాను. మా అమ్మకు తెలుసు. చూస్తే తెలిసిపోయేదే. చూడకూడదని అన్నాళ్లూ ముఖం తిప్పుకుంది.

"మామా, బస్సు పోతాది," అంది మంచం మీద నుంచి నా భార్య. పాపను భుజాన వేసుకుని బయలుదేరాను. ఆ తర్వాతి వారం నేను బస్టాపుకు వెళ్లేసరికి అమ్మ సంచి పట్టుకుని అక్కడ నిలబడి ఉంది. పాపను అందుకుంది. కట్లు ముగిసేదాకా తనే మోసింది. నమ్మాను అని మాత్రం ఈ రోజుకూ అనలేదు.

ఇప్పుడు పాప ఆవుల వెంట పరిగెత్తుతోంది. మొన్న ఎక్కడి నుంచో వచ్చి నాతో అంది. "నాయనా, అమ్మ కాణిపాకంలో నొప్పి లేదని నిజం ఒప్పుకునింది గాబట్టి నా కాళ్లు చక్కబడినాయంట. అవ్వ చెప్పింది."

ఇంటి ముందు నలుగురు కూర్చుని ఉన్నారు, అమ్మ వాళ్ల మధ్యలో ఉంది. నేను గ్రంథాలయం మాటలేవీ మాట్లాడలేదు. పాపను ఎత్తుకుని, అమ్మ ఎదుటే నిలబడి, సీమంతం గాజుల దగ్గర నుంచి పిచ్చి పట్టిందా అన్న మాట దాకా, పైన రాసిందంతా అందరికీ వినబడేట్టు చెప్పాను.

అమ్మ లేచి లోపలికి పోయింది. పాప దిగి, తల్లి పడుకున్న గదిలోకి పరిగెత్తింది.

"అమా, ఇప్పుడుండాదా?"

"ఉండాది."

"సరే," అని పాప మంచం కుదపకుండా మెల్లగా ఎక్కింది.