పలుగురాళ్లలో వెలుగు

ఆత్మకూరు దగ్గరి ఒక బడిలో నేను సైన్సు చెబుతాను. అక్కడ వంట చేసే పెద్దమ్మ మీద నా కుళ్లు ఇంకా చావలేదు.

ఆ రోజు స్టోరు గది కిటికీకి గోనెసంచులు కట్టి, పిల్లల్ని చీకట్లో కూర్చోబెట్టి, కలకండను పట్టకారుతో నలిపాను. నలిగేటప్పుడు నీలంగా మెరవాలి. ఇంట్లో మెరిసింది కూడా. ఇక్కడ ఎవరికీ ఏమీ కనబడలేదు. నేను మాటిమాటికీ సెల్‌ఫోన్ లైటు వేసి ముక్కలు వెతుక్కుంటున్నాను మరి.

బియ్యం కోసం వచ్చిన పెద్దమ్మ నవ్వింది. "జర ఆ లైటు బంద్ చెయ్యుండ్రి సార్. కండ్లకు చీకటి అలవాటు కావాలె గద."

బయటి నుంచి రెండు తెల్లటి పలుగురాళ్లు తెచ్చింది. గుట్ట మీద కంకర కొట్టే రోజుల్లో వాళ్లమ్మ నేర్పిందంటూ చాలాసేపు ముచ్చట చెప్పింది. తర్వాత రాళ్లను ఒకదానితో ఒకటి గట్టిగా రుద్దింది. వాటి కడుపులో పసుప్పచ్చని వెలుగు పుట్టింది. పిల్లలు కేకలు పెడుతూ ఆమె కొంగు పట్టుకున్నారు. పన్నెండేళ్లలో నా పాఠానికి ఒక్కరూ అలా అరవలేదు.

ఆ సాయంత్రం ఆ రాళ్లను నా సంచిలో వేసుకొని ఇంటికి తెచ్చేశాను.

మర్నాడు భోజనాల దగ్గర పిల్లలు రాళ్లు పోయాయని గోల పెట్టారు.

"ఎవరికో పనిబడ్డట్టుంది, తీసుకపోనీండ్రి. మన చెలకలల్ల రాళ్లకు కరువా?" అంటూ పెద్దమ్మ నా కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేసింది.