ఎవరూ లాగని తోక

మొన్న శనివారం మా ధీరు ఆటబట్టలు వాషింగ్ మెషీన్‌లో వేసేముందు వాడి నడుము బెల్టును ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. తడి నైలాన్, రబ్బరు గడ్డి, ఎనిమిదేళ్ళ పిల్లవాడి చెమట, మూడూ కలిసిన పుల్లటి వాసన. ఈ బెల్టుకు రెండు పక్కలా వెల్క్రోతో అంటించిన ఎర్ర జెండాలు వేలాడుతుంటాయి. బంతి పట్టుకుని పరిగెత్తేవాడి జెండాను ఎదుటివాడు చర్రున లాగేస్తే ఆ పరుగు అక్కడితో సరి. ఫ్లాగ్ ఫుట్‌బాల్ అంటారు. మా అపార్ట్‌మెంట్ల సంఘం వాళ్ళు దీని నియమాలు అచ్చువేయించి, ప్లాస్టిక్ తొడుగు కూడా వేయించి ఇంటింటికీ పంచారు. ఎవరినీ తోయకూడదట, జెండాను చేత్తో కప్పుకోకూడదట, పిల్లలందరికీ సమానంగా ఆట దొరకాలట, తల్లిదండ్రులు తెల్లగీత దాటకూడదట, ఓడినా గెలిచినా ఆఖర్న చేతులు కలపాలట. చదివితే నాకు నవ్వొచ్చింది. పిల్లల సంగతి బొత్తిగా మరిచిపోయిన పెద్దమనుషులెవరో రాసి ఉంటారు.

ఆరు వారాలుగా వాడు కట్టుకుంటున్న బెల్టు అది. వెల్క్రోను వేలితో తడిమి చూశాను. నూగు లేవలేదు, పోగు తెగలేదు, కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. అంత కొత్తగా మిగిలిపోయిన తోకను నా జన్మలో ఇంతకుముందు ఒక్కసారే చూశాను.

మేం జెండా అనేవాళ్ళం కాదు, తోక అనేవాళ్ళం. నేను పుట్టి పెరిగింది నానక్‌రామ్‌గూడలో. అద్దాల మేడలు అప్పటికింకా దూరాన హైటెక్ సిటీ వైపు ఒకటీ అరా మెరిసేవి గానీ మా ఊరి వెనక మాత్రం అట్ల పెనం బోర్లించినట్టు నున్నటి పెద్ద బండ, దాని చుట్టూ చిన్న బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, వానలు వెనకబట్టాక పచ్చగా తంగేడు, తెల్లగా గునుగు, వాటి మధ్య మేకలు తొక్కిన దారులు. బతుకమ్మకు కొత్తబట్టలు కుట్టే రోజుల్లో టైలరు కొట్టు ముందు పడేసిన పేలికలు ఏరుకొచ్చి, మూరెడు పొడుగున్నవి ఎంచి, నడుము వెనక దోపుకునేవాళ్ళం. రెండు జట్లు. పగిలిన కొబ్బరి చిప్ప ఒకటి పట్టుకుని ఈ చివర బండ నుంచి ఆ చివర బండ దాకా పరిగెత్తాలి. దారిలో ఎవడైనా తోక లాగేశాడంటే చిప్ప అక్కడే పడేసి చచ్చిపోవాలి. చచ్చిపోవడమంటే ఉత్తుత్తి చావేం కాదు. ఆ ఆట ముగిసేదాకా కాలుతున్న బండ మీద వెల్లకిలా, కదలకుండా పడుకోవాలి.

ఆ నియమం పెట్టింది నేనే. మిగతావీ నేనే పెట్టాను, ఎందుకంటే అందరికంటే పెద్దదాన్ని, పన్నెండేళ్ళు, నా చెంపదెబ్బ కూడా అందరికంటే పెద్దదే. తోకకు ముడి వేసినా, చేత్తో పట్టుకున్నా చావే. ఏడిస్తే రెండు ఆటలకు చావు. ఇంట్లోంచి అమ్మ పిలిచినా చచ్చినవాడు లేవడానికి లేదు. చైత్రం ఎండల్లో వీపులు ఎర్రగా కమిలిపోయి, చొక్కా తగిలితే అబ్బా అనేవాళ్ళు. ఆదివారాలు నాయనమ్మ గిన్నె లోపలివైపు పిండి వత్తి సర్వపిండి కాలుస్తూ, ఆ పల్లీలూ నువ్వులూ వేగే వాసన బండ దాకా వస్తుంటే, చూరు కింద నుంచి అరిచేది: "ఏందే పద్మా గిది! ఎండల బండ మీద పండవెడ్తరా పోరగాండ్లను? పానాలు పోతే ఎవరు జవాబు చెప్తరే?" నాకు ఆ తిట్లు కూడా కమ్మగానే ఉండేవి.

అలాంటి మా మధ్యలోకి వంశీ వచ్చాడు. మా ఇంటి పై పోర్షన్‌లోకి భీమవరం వైపు నుంచి వచ్చిన కుటుంబం కిరాయికి దిగింది. వాళ్ళ నాన్నది హైటెక్ సిటీలో ఏదో ఆఫీసు, ఎప్పుడు వెళ్ళేవాడో ఎప్పుడు వచ్చేవాడో తెలియదు, ఇంట్లో ఉన్న కాస్సేపూ నిద్రపోయేవాడు. వంశీకి ఎనిమిదేళ్ళు, సన్నటి మెడ, నాలుగడుగులు పరిగెత్తితే పిల్లికూతలు కూసే ఛాతీ. దిగిన వారానికే వాళ్ళమ్మ సుగుణ ఆంటీ స్టీలు డబ్బా నిండా సున్నుండలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "పద్మా, మా వాణ్ణి కూడా కాస్త ఆడించుకోమ్మా. ఆయాసం వాడికి. నువ్వే చూసుకోవాలి," అంది. నెయ్యి వాసనకు నాకు నోట్లో నీళ్ళూరాయి, సరేనన్నాను.

సరేనంటే ఎలా ఆడించాలో మా పిల్లలెవరికీ చెప్పనక్కర్లేదు. వాణ్ణి ఆటలో అరటిపండు చేశాం. అంటే జట్టులో ఉంటాడు, పరిగెత్తుతాడు, కానీ లెక్కలో ఉండడు. వాడి తోక ఎవరూ లాగరు, వాడు చిప్ప చేర్చినా అది గెలుపు కాదు. ఈ ఒప్పందం వాడికి తప్ప అందరికీ తెలుసు. వాడేమో తనను పట్టుకోవడం ఎవరి తరమూ కావడం లేదనుకున్నాడు. మేమంతా పక్కనుంచి కావాలని గాలిని పట్టుకుంటుంటే, వాడు ఇటు వంగి అటు తిరిగి, పిల్లికూతలతో ఆ చివరి బండ చేరి, ఎగిరి గంతేసేవాడు. మా తోకలు వారానికే చీలి, మట్టికొట్టుకుని, మార్చాల్సి వచ్చేవి. వాళ్ళమ్మ చీర ఫాల్‌లోంచి కత్తిరించి ఇచ్చిన వాడి లేతనీలం తోక మాత్రం అంచు కూడా నలగలేదు. రోజూ సాయంత్రం వాడు మెట్లెక్కుతూ, "అమ్మా, ఇవాళ కూడా నా తోక ఎవరూ లాగలేదు!" అని కేకేసేవాడు. రెండు రోజులకోసారి డబ్బా కిందికి దిగేది. కొడుకు ప్రతాపానికి పొంగిపోయి పంచుతోందని మేం చాటుగా నవ్వుకుంటూ తినేవాళ్ళం.

ఒక శనివారం వంశీ అందరి ముందూ నడుం మీద చేతులు పెట్టుకుని, "పద్మక్కా, నువ్వు కూడా నా తోక లాగలేవుగా! రేపు మా నాన్న వస్తున్నాడు చూడ్డానికి," అన్నాడు. వాడి ముఖంలో నామీద కోపం లేదు, ఎగతాళి లేదు, సంతోషం తప్ప ఏమీ లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడు మెట్లెక్కాక అందర్నీ పిలిచి చెప్పాను: "రేపటి సంది వాడు గూడ లెక్కలనే. ఎవ్వరు జర గూడ ఇడ్వొద్దు."

మరునాడు వాళ్ళ నాన్న నిజంగానే వచ్చాడు. చిన్న బండ మీద రుమాలు పరుచుకుని, నిద్ర తీరని కళ్ళతో కూర్చున్నాడు. వంశీ ఆయనకు చెయ్యూపి చిప్ప అందుకున్నాడు. రెండో అడుగు వేయకముందే తోక నా చేతిలో ఉంది. వాడు నవ్వాడు, పొరపాటున జారిందనుకున్నాడు. పడుకున్నాడు, లేచాడు, మళ్ళీ దోపుకున్నాడు. మళ్ళీ లాగాను. నాలుగోసారికి వాడి ఛాతీ కూత బండ అవతలి దాకా వినిపిస్తోంది. అయిదోసారి ఇంకో పని చేశాను, తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే రోత పుడుతుంది. వాణ్ణి చివరి దాకా పోనిచ్చాను. ఇంక మూడడుగులుందనగా, వాడు తండ్రి వైపు తిరిగి నోరు తెరిచి నవ్వబోతుండగా లాగాను.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు లాగలేదక్కా?" అన్నాడు.

"ఇన్ని దినాలు నువ్వు ఆటలనే లేవురా. నువ్వు అరటిపండువి," అన్నాను.

పిల్లలంతా పడీపడీ నవ్వారు. వంశీ వాళ్ళ నాన్న వైపు చూశాడు. ఆయన, పాపం, ఏం చెయ్యాలో తెలియక తనూ నవ్వాడు. వాడి కళ్ళు అప్పుడు నిండాయి, మేం నవ్వినప్పుడు కాదు. ఏడిస్తే రెండు ఆటలకు చావని నేను గుర్తుచేశాను. వాడు వెళ్ళి బుద్ధిగా బండ మీద పడుకున్నాడు.

మర్నాడు సుగుణ ఆంటీ కిందికి దిగింది. చేతిలో డబ్బా లేదు. తిడుతుందని గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె "ఇంకొన్నాళ్ళు ఆగలేకపోయావా అమ్మా?" అని మాత్రం అని పైకి వెళ్ళిపోయింది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. రెండు నెలలకు వాళ్ళు లింగంపల్లి వైపు ఇల్లు మారారు. ఆ రెండు నెలలూ వంశీ పై మెట్టు మీద కూర్చుని మా ఆట చూసేవాడు, పిలిచినా దిగేవాడు కాదు.

ఆ బండను తర్వాత మందుపెట్టి పేల్చారు. ఇప్పుడక్కడ పాతిక అంతస్తుల మేడ, పిల్లలు చచ్చి పడుకున్న చోట భూమి లోపలికి మూడు వరసల కార్లు. గునుగు కనబడదు, సర్వపిండి అంటే నా కొడుక్కి యాప్‌లో వెతుక్కునే వస్తువు, నాయనమ్మ లేదు. పోయినవాటి గురించి ఏడవడం నాకు చేతకాదు. ఆ బండ పోయినందుకైతే కాస్త సంతోషం కూడా. కానీ బెల్టు చేతిలో పట్టుకుని నిలబడ్డ మొన్న, ఒక్క సంగతి మాత్రం వీపు మీద చరిచినట్టు తెలిసొచ్చింది. మా పై పోర్షన్ వరండా సరిగ్గా ఆ బండకు ఎదురుగా ఉండేది. సుగుణ ఆంటీ మొదటి రోజు నుంచీ అంతా చూసింది. ఆ సున్నుండలు పొంగిపోయి పంచినవి కావు.

ఈ శనివారం కొత్తగూడలో మిఠాయి కొట్టు తెరిచేదాకా నిలబడి, సున్నుండలు కొనుక్కుని మైదానానికి వెళ్ళాను. తెల్లగీత ఇవతల నిలబడి చూశాను. మా వాడు బంతి పట్టుకుని బరువుగా పరిగెత్తుతున్నాడు, చుట్టూ పిల్లలు గాలిని పట్టుకుంటున్నారు. వాళ్ళలో రెండు జడల పిల్ల ఒకతి, పదకొండేళ్ళుంటాయి, కనుసైగతో అందర్నీ ఆపుతోంది. ఆ కళ్ళు నాకు బాగా తెలుసు. విరామంలో ఆ పిల్లను పిలిచి డబ్బా మూత తీశాను.

"మా ధీరును కాస్త చూసుకోమ్మా," అన్నాను.

రెండు ఉండలు తీసుకుని, ఒకటి నోట్లో వేసుకుని, నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "చూసుకుంటున్నాం కదా ఆంటీ. కానీ వచ్చే వారం కప్పు మ్యాచ్. ఆ రోజు కుదరదు. ఆ రోజు అందరూ లెక్కే," అంది.

"ఇంకొన్నాళ్ళు..." అన్నాను. అప్పటికే ఆ పిల్ల గీత దాటి వెళ్ళిపోయింది.

ధీరు ఎగురుకుంటూ వచ్చి నా నడుం పట్టుకున్నాడు. "అమ్మా, ఇవాళ కూడా నా జెండా ఎవరూ లాగలేదు! కప్పు రోజు డాడీని కూడా తీసుకురా, ప్లీజ్!"

ఏం చెప్పాలో తెలియక నవ్వాను.