జంఖానా కుర్చీ

కొత్త జంఖానాకు ఒక వాసన ఉంటుంది. గంజీ, రంగూ, పచ్చి నూలూ కలిసిన వాసన. కొత్తవాడ నుంచి తెచ్చిన జంఖానాను నిన్న హాల్లో విప్పి పరచగానే ఆ వాసన ఇల్లంతా నిండిపోయి, వంటింట్లో పోపు వేస్తున్న నన్ను కూడా వెతుక్కుంటూ వచ్చింది. సోఫాలు బాగుచేసే ఆయన వరండాలో మా పాత కుర్చీ గుడ్డ ఊడదీసి కూర్చున్నాడు. జంఖానా మీది ఎరుపు, పసుపు, చిలకపచ్చ రంగుల వెడల్పాటి పట్టీలను చూసి, నన్ను చూసి, "ఇది కింద పరిసేది గద మేడం, కుర్సీకి ఏసుడేంది? షాపుల మంచి మంచి వెల్వెట్లున్నయి" అన్నాడు. ఈ కుర్చీకి ఇదే వేస్తామన్నాను. నన్ను పిసినారి అనుకున్నాడో, కొంచెం తేడా మనిషి అనుకున్నాడో తెలియదు. ఆయనకు సంగతి చెప్పాలంటే మా బాపమ్మ నల్లా దగ్గర కాలుజారి పడిన వానాకాలం దాకా పోవాలి.

డెబ్బైల చివర్లో మేము వరంగల్‌లో సుబేదారి వెనుక ఒక పెంకుటిళ్ళ వాడలో ఉండేవాళ్ళం. బాపు అక్కడే ఒక ఆఫీసులో అటెండరు. బెల్లు మోగితే లోపలికి పోవడం, సారు కుర్చీ పక్కన చేతులు కట్టుకుని నిలబడడం, ఫైళ్ళు పట్టుకుని బయటికి రావడం ఆయన ఉద్యోగం. ఆఫీసుకు కొత్త ఇనుప కుర్చీలు వచ్చిన ఏడు పాతవన్నీ వేలం వేస్తే, తాను ఇన్నేళ్ళు పక్కన నిలబడిన ఆ కుర్చీనే పాడుకుని ఇంటికి తెచ్చాడు. దాన్ని రిక్షాలో ఎక్కించి, తాళ్ళతో కట్టించి, తను మాత్రం పక్కన నడుచుకుంటూ వచ్చాడు. రిక్షా ఆయన ఎక్కమన్నా ఎక్కలేదట. కుర్చీ కూర్చుని ఉంటే పక్కన నిలబడడమే బాపుకు అలవాటు మరి!

టేకు కుర్చీ అది. వెడల్పాటి చేతులు, లోపల స్ప్రింగులు, పైన గోధుమ రంగు రెగ్జిన్. రెగ్జిన్ చిరిగిన చోటల్లా కొబ్బరి పీచు గడ్డంలా బయటికి వచ్చి ఉండేది. ముక్కు ఆనించి చూస్తే సిగరెట్ వాసన, సిరా వాసన, ఎండాకాలం ఆఫీసులో కట్టే వట్టివేళ్ళ తడికల వాసన. నేనూ తమ్ముడూ కచ్చకాయలు, తొక్కుడు బిళ్ళా మానేసి ఆఫీసు ఆట మొదలుపెట్టాం. వాడు సారు, నేను బెల్లు. బాపు రోజూ పొద్దున్నే దాన్ని తుడిచేవాడు గానీ కూర్చునేవాడు కాదు. ఏ ఆదివారమో కూర్చున్నా అంచు మీద, ఎవరో వచ్చి లేపుతారన్నట్టు కూర్చునేవాడు.

కుర్చీ కొత్తగా వచ్చింది గానీ మా ఇంటి అసలు ఆస్తి జంఖానా. మా ఒక్కళ్ళదే అనడానికీ లేదు, వాడంతటిదీ. మా తాత ఊరు విడిచి వరంగల్ వచ్చి, మిల్లులో పని దొరికాక, మొట్టమొదట కొత్తవాడలో నేయించుకున్న వస్తువు అది. పరిస్తే సగం వాకిలి నిండేది. పట్టీలు చూస్తే కళ్ళు జిగేల్‌మనేవి. ఒక కొసన నీలం నూలుతో తాత పేరు నేసి ఉండేది, ఎల్లయ్య అని. తాత పోయాక దానికి పెత్తనం బాపమ్మది. ఎవరింట్లో తొట్టెల వేడుక అయినా, భజన అయినా, పక్కింటి రజియా చిన్నమ్మ వాళ్ళ నిఖా అయినా, ఎవరైనా చనిపోయి నలుగురు కూడినా మా జంఖానా పోయేది. అత్తరు వాసనతోనో, బంతిపూల వాసనతోనో, ఊదుబత్తి మసితోనో తిరిగి వచ్చేది. బాపమ్మ దాన్ని ఎండలో ఆరేసి, దులిపి, పేరు లోపలికి వచ్చేటట్టు మడిచి పెట్టేది. అందరికీ ఒకటే షరతు, పేరున్న కొస మీద ఎవరూ కూర్చోవద్దు. పిల్లలం తెలియక కాలు పెడితే కర్రతో అదిలించేది.

ఆ పేరు ఆమె ఒక్కనాడు కూడా నోటితో పలికింది లేదు. రేషన్ కార్డు కోసం వరుసలో నిలబడితే, లోపలి గుమాస్తా "భర్త పేరు?" అనగానే బాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా చేతిని గిల్లేది. నేను గట్టిగా "ఎల్లయ్య" అని అరిచేదాన్ని. వరుసలో ఉన్న ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు, తమ వంతు వచ్చేసరికి తామూ ఎవరినో ఒకరిని గిల్లేవాళ్ళు.

ఆ ఏడు వానలు దంచికొట్టి నల్లా చుట్టూ పాకురు పట్టింది. బాపమ్మ బిందె పట్టుకుని జారిపడింది, తుంటి విరిగింది. దవాఖాన నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు బాపును పిలిచి, ఇక నేల మీద కూర్చోనివ్వద్దని, అట్లాగని మంచంలోనే పడుకోనిస్తే మళ్ళీ లేవదని, రోజూ ఎత్తుగా ఉన్న దాంట్లో కూర్చోబెట్టి మెల్లగా నిలబెట్టి నడిపించమని చెప్పాడు. మా ఇంట్లో ఎత్తుగా ఉన్నది ఒక్కటే, ఆ కుర్చీ. బాపమ్మ దాని దగ్గరికి రానన్నది.

"నాకెందుకు బిడ్డా కుర్సీ? కుర్సీల కూసునేటోళ్ళు ఏరే ఉంటరు."

అది మొండితనం కాదని మాకు తర్వాత అర్థమైంది. వాళ్ళ ఊళ్ళో దొరకు కోటలాంటి గడీ ఉండేదట. ఒక సాయంత్రం తాత పొలం నుంచి వచ్చి, వాకిట్లో మంచం వాల్చి కూర్చున్నాడు. దొర మనిషి అటు పోతుంటే లేవడం ఆలస్యమైంది. మర్నాడు నలుగురు వచ్చి మంచం కోళ్ళు విరగ్గొట్టి పోయారు. "గా కట్టెలతోనే ఆ పూట పొయ్యి రాజేసిన బిడ్డా" అని బాపమ్మ చెప్పేది. ఆ తర్వాతే వాళ్ళు ఊరు విడిచారు. ఆ ఊరు వదిలినా ఆ బెదురు ఆమెను వదల్లేదు. గోధుమ రంగు రెగ్జిన్ కుర్చీని చూస్తే ఆమెకు మా బాపు తెచ్చిన కుర్చీ కనబడేది కాదు, దొర కుర్చీయే కనబడేది.

రోజులు గడుస్తున్నాయి. నులక మంచంలో బాపమ్మ చిక్కిపోతోంది. కాళ్ళు సన్నబడ్డాయి, మాట సన్నబడింది. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఏమిటంటే, బతుకమ్మ పండుగ దగ్గరికొస్తున్నా ఆమె పూల మాట ఎత్తకపోవడం. తంగేడు పూసిందా అని శ్రావణంలోనే అడగడం మొదలుపెట్టే మనిషి, గునుగు పూలకు రంగులు అద్దడంలో వాడకే గురువు, పాట ఎత్తుకుంటే అవతలి వీధి ఆడవాళ్ళు కూడా చప్పట్లు కలిపే మనిషి, గోడవైపు తిరిగి పడుకుంది. ఈసారి బతుకమ్మ పేర్చడం ఎవరు అని ఎవరో అడిగితే బాపు బయటికి వెళ్ళిపోయాడు.

అమ్మకు వాదించడం చేతకాదు. కోపం వస్తే పని చేసేది. ఒక మధ్యాహ్నం బాపు ఆఫీసుకు పోగానే జంఖానా తీసి వాకిట్లో పరిచి, కత్తెర చేతపట్టింది. రజియా చిన్నమ్మ బొంతలు కుట్టే దబ్బనం పట్టుకుని గోడ దాటి వచ్చింది. ఇద్దరూ కలిసి రెగ్జిన్ చీల్చేశారు, పీచు దులిపారు, పైన దూది పరిచారు. జంఖానా మధ్య భాగం ఏళ్ళ తరబడి మనుషులు కూర్చుని వెలిసిపోయింది. ఒక కొస మాత్రం నేసిన రోజున ఉన్నట్టే మందంగా, మెరుస్తూ ఉంది. కూర్చునే చోటుకు గట్టిది ఉండాలని ఆ కొసనే కోసి వేశారు. రజియా చిన్నమ్మ దబ్బనం గుచ్చి లాగుతుంటే అమ్మ మోకాలు ఆనించి బిగించేది. సాయంత్రానికి కుర్చీ తయారైంది. ఎరుపు, పసుపు, చిలకపచ్చ పట్టీలతో మా చీకటి గదిలో దీపం పెట్టినట్టు వెలిగిపోయింది. ఆఫీసు నుంచి వచ్చిన బాపు గడపలోనే ఆగిపోయాడు.

"ఇదేం కుర్సీనే? సర్కసు ఏనుగు మీద కప్పినట్టున్నది!"

"ఏనుగు గాదు, మీ అవ్వ కూసునేది" అన్నది అమ్మ.

బాపమ్మను చెరో రెక్కా పట్టుకుని తెచ్చారు. తన జంఖానాకు కత్తెర పడిందని తెలియగానే తిట్లు లంకించుకుంది. ఆ కోపంలోనే తనంతట తాను రెండడుగులు ముందుకు వేసింది. అన్ని వారాల తర్వాత ఆ గొంతు అంత గట్టిగా వినబడితే మాకు తిట్లు కూడా తియ్యగా ఉన్నాయి. కుర్చీ దాకా వచ్చి, కూర్చునే చోటు మీద చెయ్యి పెట్టి, ఒక్కసారిగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓ పిల్లా! నీ కండ్లు యాడ వెట్టినవే? మీ మామ పేరు మీద నన్ను కూసోవెడ్తవా?"

చూస్తే సరిగ్గా కూర్చునే చోట నడిమధ్యన నీలం అక్షరాలు, ఎల్లయ్య. ఎవరూ కూర్చోని కొస గనకే అది అంత కొత్తగా ఉందని కుట్టే తొందరలో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. అమ్మ నాలుక కరుచుకుంది. రజియా చిన్నమ్మ ముందు చెంపలు వేసుకుంది, తర్వాత నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. బాపమ్మ తనను మళ్ళీ మంచానికే తీసుకుపొమ్మన్నది.

మర్నాడు కుట్టినదంతా విప్పారు. పేరున్న ముక్కను వీపు ఆనే చోట, అన్నిటికన్నా పైన కుట్టారు. కూర్చునే చోటుకు వెలిసిపోయిన మధ్య భాగాన్నే రెండు మడతలు పెట్టి వేశారు. పైన జిగేలుమంటూ, కింద వెలవెలబోతూ కుర్చీ రెండు రకాలుగా తయారైంది. అమ్మ మళ్ళీ బాపమ్మను తీసుకొచ్చింది.

"ఇది కుర్సీ గాదత్తా. మన జంఖానానే. జర ఎత్తుకు లేసింది, గంతే."

బాపమ్మ వెలిసిన పట్టీల మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. ఎన్ని పెళ్ళిళ్ళవాళ్ళు, ఎంతమంది బాలింతలు, ఎంతమంది ఏడ్చినవాళ్ళు కూర్చున్న చోటు అది! తర్వాత ఆమె వేళ్ళు పైకి పోయి అక్షరాలను తడిమాయి. చదువు రాదు గానీ ఆ అక్షరాల వంపులు ఆమెకు కంఠతా వచ్చు. మెల్లగా తిరిగి అంచు మీద కూర్చుంది. కాసేపటికి ఇంకొంచెం లోపలికి జరిగింది. ఇంకాసేపటికి వీపు ఆనించి, తల వెనక్కి వాల్చింది.

"ఇసొంటి దాంట్ల ఆయిన ఒక్కసారి గూడ కూసోక పాయె" అన్నది, కళ్ళు మూసుకుని.

"గిప్పుడు కూసున్నడు గదత్తా, నీకంటె ముందుగాలనే" అన్నది అమ్మ.

అమ్మ ఎక్కడ నేర్చిందో ఆ మాట! బాపమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారాయి, నోరు మాత్రం నవ్వింది. బాపు గబగబా నల్లా దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాడు.

బతుకమ్మ ఆట మొదలయ్యే పెత్రమాస నాటికి బాపమ్మ కర్ర పట్టుకుని గది దాటింది. బాపు కుర్చీని తలమీద మోసుకుపోయి వీధి మధ్యలో వేశాడు. ముందర స్టూలు మీద ఇత్తడి తాంబాళం పెడితే, తంగేడు మీద గునుగు, గునుగు మీద బంతి, ఆ పైన కట్లపూలు పేర్చుకుంటూ పోయింది. ఆనాడు వీధిలో తడి ఆకుల వాసన, బంతి వాసన, ఇళ్ళలో దంచుతున్న నువ్వుల వాసన. మేము పిల్లలం సత్తుపిండి దోసిళ్ళతో బుక్కి మాట్లాడబోయి పొరబోయి చచ్చేవాళ్ళం. పొద్దుగూకి ఆడవాళ్ళంతా చుట్టూ చేరాక బాపమ్మ కుర్చీలోంచే పాట ఎత్తుకుంది. గొంతు మొదట వణికింది, రెండో చరణానికి నిలబడింది. బాపు అలవాటు కొద్దీ ఆ కుర్చీ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసులో నిలబడినట్టు బిగుసుకుని మాత్రం లేడు. ఎనిమిదేళ్ళ నాకు కూడా ఆ తేడా తెలిసింది.

తర్వాత చాలా ఏళ్ళు బాపమ్మ నడిచింది. ఆకుకూరలమ్మే ఆమె వచ్చినా, వాకిలి ఊడ్చే ఆమె వచ్చినా, "జర కుర్సీల కూసోరాదే, కాళ్ళు గుంజుతలేవా" అని లేచి తన చోటు ఇచ్చేది. వద్దు వద్దంటే కర్ర ఎత్తేది. మిగిలిన సగం జంఖానా ఇంకొన్ని శుభకార్యాలకు పోయి వచ్చింది. అంతలో టెంటు హౌసులు వచ్చాయి, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి, అడిగేవాళ్ళు లేకపోయారు. ఇప్పుడు ఆ పెంకుటిళ్ళు లేవు, ఆ నల్లా లేదు, రజియా చిన్నమ్మ దాటి వచ్చిన ఆ పొట్టి గోడ లేదు. భర్త పేరు అడిగితే మనవరాలిని గిల్లే ఆడవాళ్ళు లేరు, పోనీ, అది పోవడమే మంచిదైంది. కొత్తవాడలో మగ్గాల చప్పుడు వీధి చివరికే వినిపించేది, నెల కిందట నేను గల్లీలు తిరిగి వెతుక్కోవలసి వచ్చింది. అయినా దొరికింది. నేసే ఆయన పట్టీల రంగులు రాసుకుని, పేరేమన్నా వేయాలా అని పాతకాలం వాళ్ళు అడిగినట్టే అడిగాడు. వేయమన్నాను.

ఈ సాయంత్రానికి కుర్చీ సిద్ధమైంది. సోఫాలాయన పాత పేరు ముక్కను జాగ్రత్తగా కోసి, నేను చెప్పినట్టే వీపు ఆనే చోట పైన కుట్టాడు. దాని పక్కనే కొత్త జంఖానాలో నేసిన పేరు వచ్చింది. ఏ కాగితం మీదా వేలిముద్రే తప్ప అక్షరం పెట్టని బాపమ్మ పేరు. ఆయన దూరంగా నిలబడి చూసుకుని, "మస్తుగనే ఉన్నది మేడం" అని ఒప్పుకున్నాడు. కొత్తగా అక్షరాలు నేర్చుకుంటున్న నా మనవరాలు చెప్పులతోనే కుర్చీ ఎక్కి, మోకాళ్ళ మీద వెనక్కి తిరిగి, వేలు పెట్టి కూడబలుక్కుంది. వెలిసిన నీలాన్ని ముందు, కొత్త నీలాన్ని తర్వాత.

"ఎల్లయ్య. రాజవ్వ."

రెండు పేర్లూ ఒక్క ఊపిరిలో, వీధిలోకి వినబడేటట్టు చదివింది. అంతటితో ఆగక ఇంకోసారి చదివింది.