మూడు కేకల లింగమూర్తి

లింగమూర్తి ఏ పనైనా మూడుసార్లు కేకేసి చెప్పందే చేసే మనిషి కాడు. గోదావరిఖనిలో వాళ్ల క్వార్టర్ల వరుసంతా ఎరిగిన సంగతే ఇది. వరుసకంతా కలిపి ఒకటే నీళ్ల మోటరు, దాని మీట ఆయన గుమ్మం పక్కన. పొద్దున్నే మీట మీద చెయ్యి పెట్టి "మోటరేస్తున్న!" అని అరుస్తాడు. ఆగుతాడు. మళ్లీ అరుస్తాడు, మళ్లీ ఆగుతాడు. మూడోది కూడా అయ్యాక, ఎవరో జవాబివ్వాలన్నట్టు పక్కింటి గోడవైపు చెవి పెట్టి కాసేపు నిలబడతాడు. ఎవరూ ఏమీ అనరు. అప్పుడు నొక్కుతాడు. ఈలోగా బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు ఆయన ఏడుతరాలనూ తలుచుకుంటుంటారు.

స్కూటరు తీయాలన్నా ఇదే తంతు, తలుపు వేయాలన్నా ఇదే తంతు. కూతురు సంతోషికి చిన్నప్పటి నుంచీ తలకొట్టేసినట్టుండేది. తండ్రి భూగర్భ గనిలో షాట్‌ఫైరర్. బొగ్గుకు రంధ్రాలు వేయించి, మందు కూరి, అందరినీ దూరం పంపించి పేల్చడం ఆయన పని. పేల్చేముందు "ఫైర్" అని మూడు కేకలు వేయాలి. గనిలో అంటే సరే, ఇంట్లో ఈ కేకలేమిటని అడిగితే, "అలవాటు బిడ్డా" అని ఊరుకునేవాడు.

పక్క క్వార్టరు గట్టయ్యది. ఒకప్పుడు లింగమూర్తి జట్టులోనే పనిచేసేవాడు. సంతోషి పుట్టకముందు ఒక పేలుడులో ఎడమ కాలు మోకాలి కింద పోయింది. మూడు కేకలు వేసినా వినిపించుకోకుండా ముందుకు పోయాడని విచారణలో తేల్చారు. అప్పటినుంచి గని పైన టోపీ దీపాలిచ్చే గదిలో కొలువు, కాలనీలో 'చెవిటి గట్టయ్య' అన్న పేరు. సంతోషి కూడా ఆయనతో ఎప్పుడూ గొంతెత్తే మాట్లాడేది. ఆయన నవ్వేవాడు.

రెండువేల తొమ్మిదిలో సంతోషి డిగ్రీ చదువుతూ పేకముక్కల్లాంటి బొమ్మల పత్తాల పిచ్చిలో పడింది. ఒక్కో పత్తా మీద ఒక జంతువో, వీరుడో ఉంటాడు. పత్తాను అడ్డంగా తిప్పి "దాడి" అంటే యుద్ధం మొదలు. వెంటనే దెబ్బ తగలదు. ఎదుటివాడికి ఒక అవకాశముంటుంది. చేతిలో అడ్డుకునే పత్తా ఉంటే అప్పుడే వేయాలి. "కానియ్" అన్నాడంటే అవకాశం పోయినట్టే, ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా వేయడానికి లేదు. ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న నల్ల గరుడ పత్తాను సంతోషి అలాగే పోగొట్టుకుంది. తొందరపడి "కానియ్" అనేసి, తర్వాత చేతిలోని అడ్డు పత్తా చూసుకుంది. గెలిచినవాడు ఎదుటివాడి పత్తాల్లోంచి ఒకటి కోరుకోవచ్చు. ఇంజనీరు గారబ్బాయి విష్ణువర్ధన్ గరుడను కోరుకున్నాడు. సంతోషి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"నాకు నేర్పు, నేను తెస్త" అన్నాడు లింగమూర్తి.

నాలుగు నెలలు నేర్చుకున్నాడు. దాడికీ దెబ్బకూ మధ్య ఆగాలనే నియమం చెప్పగానే ఆయనకు అరటిపండు ఒలిచినట్టు అర్థమైంది. దసరా సెలవుల్లో పోటీ పెడితే కుర్రకారునంతా దాటుకుంటూ చివరి ఆటకు చేరాడు. ఎదురుగా విష్ణువర్ధన్. చూడడానికి గట్టయ్య కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చి రెండో వరుసలో కూర్చున్నాడు.

ఆట ఆఖరుకొచ్చింది. విష్ణువర్ధన్‌కు ఇంకొక్క దెబ్బ తగిలితే చాలు, గరుడ ఇంటికొచ్చేస్తుంది. లింగమూర్తి తన పులి పత్తాను తిప్పాడు.

"దాడి!"

"కానియ్యండి" అన్నాడు విష్ణువర్ధన్.

అయిపోయింది! సంతోషి లేచి చప్పట్లు కొట్టబోయింది. కానీ తండ్రి చెయ్యి పులి మీదినుంచి కదల్లేదు. "దాడి!" అన్నాడు మళ్లీ. అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వుల మధ్యే విష్ణువర్ధన్ చేతిలోవి ఇంకోసారి చూసుకుని, గభాలున రాతిగోడ పత్తా వేశాడు. గోడకు కొట్టుకుంటే పులి చస్తుంది, పులి పోతే లింగమూర్తి ఆటా పోయినట్టే.

ఆట నడిపిస్తున్న సుహాసిని తల అడ్డంగా ఊపింది. "ఒకసారి కానియ్యమన్నాక వేయడానికి లేదు విష్ణూ. లింగమూర్తి గారూ, మీరే గెలిచారు."

"లేదు మేడం. నా మూడో కేక కాలే. ఆ పిల్లగాని పత్తా చెల్లుతది."

సంతోషి తండ్రి దగ్గరికి ఉరికింది. "బాపూ! ఏమన్న పిచ్చి లేసిందా? నా గరుడ బాపూ!"

లింగమూర్తి లేచి నిలబడ్డాడు. "ఒక్క కేకకే అయిపోయిందంటే నేనొప్ప బిడ్డా. ఒకపారి షిఫ్టు అయిపోవస్తున్నదని జల్దిల ఒక్కటే కేకేసి నొక్కిన. గట్టయ్య కాలు పాయె. మూడేసిన్నని విచారణల దొంగమాట చెప్పిన."

సంతోషికి ఒక్కొక్కటే అర్థమైంది. చిన్నప్పటినుంచి తను గొంతు చించుకుని మాట్లాడిన మనిషి చెవిటివాడు కాడన్నమాట! ఆ పేరు పెట్టించింది తన తండ్రేనన్నమాట! గట్టయ్య వైపు చూడాలంటేనే భయమేసింది.

గట్టయ్య మెల్లగా అన్నాడు: "నాకెర్క లేదనుకున్నవా రా? ఒక్కటే ఇన్న. ఇంకా రెండున్నయ్ గదా అని సద్దిగిన్నె కోసం ఎనక్కి పోయిన."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే అన్నా?" అన్నాడు లింగమూర్తి.

"నా కాలు ఎట్లనో పోయె. చెప్తే నీ కొలువు గూడ పోతుండె. నువ్వే చెప్తవని ఎదురు చూసిన. ఇరవై మూడేండ్లు చూసేటట్టు జేసినవ్ గదరా!" గట్టయ్య కర్ర అందుకుని, ఎవరు పట్టుకోబోయినా విదిలించుకుని, ఆటో ఎక్కి ఒక్కడే వెళ్లిపోయాడు.

పులి చచ్చింది, ఆట ఓడిపోయారు, గరుడ విష్ణువర్ధన్ దగ్గరే ఉండిపోయింది. దారిలో సంతోషి తండ్రితో మాట్లాడలేదు. కోపం గరుడ గురించా, గట్టయ్య గురించా అన్నది ఆమెకే తెలియలేదు. ఇంటికొచ్చేసరికి పక్కింటి తలుపు మూసి ఉంది. లింగమూర్తి మూడుసార్లు తట్టాడు. తెరవలేదు.

తెల్లవారింది. బిందెలు వరుస కట్టాయి. లింగమూర్తి మీట మీద చెయ్యి పెట్టి "మోటరేస్తున్న" అన్నాడు, సగం గొంతుతో. రెండోసారి ఇంకా సన్నగా. మూడోది సంతోషికే సరిగా వినపడలేదు. అయినా ఎప్పటిలాగే గోడవైపు చెవి పెట్టి నిలబడ్డాడు. ఇన్నేళ్లూ ఆయన ఎవరి జవాబు కోసం అలా నిలబడేవాడో సంతోషికి అప్పుడు తెలిసింది.

గోడ అవతల కర్ర చప్పుడైంది.

"నేను ఇన్న రా! ఎయ్యి!"

లింగమూర్తి మీట నొక్కలేదు. ఆ గోడకే జారగిలబడి, బిందెలవాళ్లందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాడు. చివరికి సంతోషే వెళ్లి మోటరు వేసింది.